మామూలు పిట్టల లెక్క

రాజహంసలు దిగాయని వాట్సాప్‌లో ఒక ఫొటో పడిందంటే చాలు, మర్నాడు తెల్లారేసరికి అమీన్‌పూర్ పెద్ద చెరువు కట్ట మీద బండి ఆపుకోవడానికి చోటుండదు. బాచుపల్లి నుంచి, మియాపూర్ నుంచి, అంత దూరం కొండాపూర్ నుంచి కూడా వస్తారు. మోయలేనంత లెన్సులు, మూడు కాళ్ల స్టాండ్లు, ఆకుపచ్చ మచ్చల చొక్కాలు. ఎవరో డ్రోన్ తీయబోతే ఇంకెవరో కేకలేస్తారు. దూరంగా లోతు లేని నీళ్లలో ఆ పక్షులు పొడుగాటి మెడలు వంచి, తల తలకిందులు చేసి, అడుగు బురదను ముక్కుతో జల్లించుకుంటూ తమ పని తాము చేసుకుంటుంటాయి.

ఆ జనాన్ని తప్పుపట్టను. రాజహంసను చూసి కూడా కెమెరా తీయని మనిషిని నేనింకా చూడలేదు. నా గొడవ వేరు. ఇంతమంది ఇటు నిలబడ్డప్పుడు, ఒడ్డుకు పది గజాల్లోనే, నాచు పీక్కుంటూ వంద పైచిలుకు నామాల కోళ్లు తిరుగుతుంటాయి. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి బిళ్ల. ఒక్క లెన్సు కూడా వాటివైపు తిరగదు. ఎవరైనా వాటి వైపు చూశారంటే, ఫొటోలోకి అడ్డం వచ్చాయని విసుక్కోవడానికే.

హైదరాబాద్‌కు ఈ పక్కన ఉండేవాళ్లకు చెరువులకేం కొదవ లేదు. బాచుపల్లికి బైరుని చెరువు, నిజాంపేటకు తుర్క చెరువు, ప్రగతినగర్‌కు అంబీర్ చెరువు, మల్లంపేటకు కత్వా చెరువు. పడమటికి వెళ్తే అమీన్‌పూర్. ఈ నేలంతా నల్లరాతి గుండ్లు, వాటి మధ్య పల్లాలు. పల్లానికి అడ్డంగా కట్ట పోసి, కట్ట మీద మైసమ్మను నిలబెట్టి, నిండితే అలుగు దూకి కింది చెరువుకు పోయేట్టు గొలుసుగా కట్టుకుంటూ పోయారు పాతవాళ్లు. ఇప్పుడు ఆ గొలుసు మధ్య కాలేజీలు, మందుల ఫ్యాక్టరీలు, ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు. అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిదంటారు. ఒకప్పుడు మూడు వందల ఎకరాలని చెప్పుకునే చెరువు ఇప్పుడు 93 ఎకరాలకు వచ్చింది. పోలీసు అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ పూనుకుని దాన్ని శుభ్రం చేయించి నిలబెట్టారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగరపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. బోర్డు పాతినంత మాత్రాన మోరీ నీళ్లు దారి మార్చుకోవు కదా, అది వేరే కథ.

డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు చలి కొంచెం గట్టిదే. నగరంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అని పేపర్లో పడే పేరు చాలాసార్లు పటాన్‌చెరుది. అది మాకు పక్కనే. మంకీ క్యాపులు పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఆరున్నరకల్లా కట్ట ఎక్కే గుంపొకటి ఉంటుంది. రిటైరైన బ్యాంకు ఆఫీసరు, నైట్ షిఫ్టు ముగించి పడుకోకుండా వచ్చేసే ఐటీ పిల్లలు, సైన్సు టీచరమ్మ, ఆమెతో వచ్చే ఏడో తరగతి కూతురు. ఆ అమ్మాయి కళ్లు మా అందరి బైనాక్యులర్ల కన్నా చురుకు. ఊళ్లో ఇలాంటి నడకలకు పాత దారే ఉంది. 1980లో మొదలైన ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. వాళ్ల పత్రిక పేరు ‘పిట్ట’. అంతకన్నా మంచి పేరు పెట్టడం కష్టం.

నడకలో మొదటి గంట అందరూ కొత్త పక్షి కోసం వెతుకుతారు. రెండో గంటకు అసలు పని మొదలవుతుంది, లెక్క. కనిపించిన ప్రతి జాతినీ, ఎన్ని కనిపించాయో సహా రాయాలి. కాకులు ఎన్ని, పావురాలు ఎన్ని, గోరింకలు ఎన్ని. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడే ఉత్సాహం చచ్చిపోతుంది. “కాకుల్ని కూడా రాయాలా అంకుల్?” అని ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా అడిగాడు, తర్వాత మళ్లీ కనిపించలేదు.

నామాల కోళ్లను లెక్కపెట్టడం ఒక విద్య. ముందు ఒక మూల పది పక్షుల్ని సరిగ్గా ఎంచుకోవాలి. ఆ పది ఎంత నీటిని ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. ఇక ఆ కొలతతో చెరువంతా కొలుచుకుంటూ పోవాలి. అవి ఊరుకుంటే కదా. ఒకటి మునిగి నాచు పైకి తెస్తుంది. పక్కది దాని నోట్లోంచి లాక్కుంటుంది. రెండూ తగువు పడతాయి. తగువు ముదిరితే ఒకటి నీళ్ల మీద చప్పుడు చేసుకుంటూ పరుగు లంకించుకుంటుంది. పరుగు తీస్తే తప్ప గాల్లోకి లేవలేని బరువు దానిది. ఈలోగా మన యాభై ఏడు ఎక్కడో కలిసిపోయి మళ్లీ ఒకటి నుంచి. వాటి మధ్యలో బుడుబుంగలు ఇంకో తలనొప్పి. అయిదు మునుగుతాయి, మూడు తేలతాయి, ఆ మూడూ మునిగాక నాలుగు ఇంకోచోట తేలతాయి.

లెక్క కోసం కళ్లు అప్పగించిన చోటే కొన్ని కనిపిస్తాయి. షోవెలర్ బాతులు చలికాలంలో ఉత్తరాన్నుంచి వస్తాయి. మగదానికి ఆకుపచ్చ తల, తెల్లటి రొమ్ము, పక్కన ఇటుక రంగు. ముక్కు మాత్రం చివర వెడల్పయిన గరిటె. ఇరవై ముప్పై బాతులు కలిసి ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెడతాయి. తిరుగుతూనే ముక్కులు నీటి మీద ఆనించి జల్లిస్తుంటాయి. ముందుదాని కాళ్లు కెలికి లేపిన పురుగూ పుట్రా వెనకదాని నోట్లోకి. ముక్కు అంచున దువ్వెన పళ్ల వరస ఉంటుంది, నీళ్లు బయటికి, తిండి లోపలికి. పావుగంట చూశాం, ఒక్క బాతు కూడా వరస తప్పలేదు. రాజహంసల కోసం వచ్చిన ఒకాయన మా పక్కనే నిలబడి “ఏమైనా వచ్చిందా?” అని అడిగారు. ఏమీ రాలేదండీ, అన్నాం.

ఇంత మామూలు పిట్టల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మనకు జ్ఞాపకశక్తి మీద ఉన్న నమ్మకం మరీ ఎక్కువ. బాచుపల్లికి పదేళ్ల కిందట వచ్చినవాడికి పదేళ్ల కిందటి బాచుపల్లే అసలైన బాచుపల్లి. అప్పుడున్న పొలాలు, అప్పుడున్న నీళ్లు, అప్పుడు తీగల మీద వాలిన పిట్టలు, అవే ‘ఉండవలసినవి’. నిరుడు వచ్చినవాడికి నిరుటిదే కొలత. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో ఈ సంగతే రాశాడు. ప్రతి తరం తాను కళ్లు తెరిచినప్పటి సముద్రాన్నే నిండు సముద్రం అనుకుంటుంది, తరతరానికీ కొలత జారిపోతుంటుంది, పోయినదెంతో ఎవరికీ తెలియదు. సముద్రం సంగతే అలా ఉంటే, 93 ఎకరాల చెరువు ఎంత?

మనకు పాత కొలత బొత్తిగా లేదని కాదు. 1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు. తిరుగుడు ఖర్చులు భరిస్తే జీతం లేకుండా సర్వే చేసిపెడతానని సంస్థానాలకు చెప్పారు. ఆ వరసలో మొదటిది హైదరాబాదే. ఆ నివేదిక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. తుపాకీతో కొట్టి నమూనాలు పోగేసే రోజులవి, ఏ పక్షి ఎక్కడ అన్నదే అప్పటి ప్రశ్న. ఎన్ని అన్న ప్రశ్న మన కాలానిది. కళ్లముందు తరిగిపోతుంటే తప్ప మనిషికి లెక్క గుర్తురాదు. జేబులో డబ్బుల విషయంలోనూ అంతే.

ఆ ‘ఎన్ని’కి జవాబు ఇప్పుడు మామూలు జనం దగ్గర్నుంచే వస్తోంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక దాదాపు 30,000 మంది పక్షి ప్రేమికులు ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాసిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడింది. 942 జాతుల్ని చూసి, 178 జాతుల గురించి వెంటనే పట్టించుకోవాలని చెప్పింది. అందులో నన్ను ఆపేసింది అరుదైన పక్షుల జాబితా కాదు. 30 శాతానికి మించి తగ్గిపోయాయి, వీటి పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ అంచనా వేయాలి అని వేరుగా చెప్పిన 14 జాతులున్నాయి. అందులో షోవెలర్ ఉంది. దానితోపాటు వచ్చే చిన్న బాతు కామన్ టీల్ ఉంది. ఒడ్డున తోక ఊపుకుంటూ తిరిగే కామన్ శాండ్‌పైపర్ ఉంది. పాలపిట్ట ఉంది.

పాలపిట్ట. మన రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కి, పాలపిట్టను చూస్తే గాని పండగ పూర్తికాదు. ఊళ్లలో పొలం గట్టు దాకా వెళ్తే తీగ మీదే కనిపించేది. ఇప్పుడు నగరంలో దసరా సాయంత్రం ఎవడో దాన్ని పట్టి, రెక్కలు కట్టి, గూట్లో పెట్టి తెస్తాడు. మనం డబ్బులిచ్చి దణ్ణం పెట్టుకుంటాం. వచ్చే ఏడాది మళ్లీ కావాలంటే వాడు ఇంకొకదాన్ని పట్టాలి. అంత భక్తి ఉన్న పక్షికే ఈ గతి పడితే, ఏ పండగా లేని టీల్ బాతు తగ్గిపోయిందని ఎవరికి తెలుస్తుంది? రాసినవాళ్లకే.

లెక్క ఎప్పుడూ ఏడుపు వార్తే చెబుతుందనుకోకండి. సెల్ టవర్ల దెబ్బకు పిచ్చుకలు అంతరించిపోయాయని మన దగ్గర సినిమాల దాకా వెళ్లిన మాట. దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయని, తగ్గింది హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లోనని 2020 నివేదిక చెప్పింది. నెమళ్లు పెరుగుతున్నాయి, కోకిలలూ పెరుగుతున్నాయి. మనం జాలిపడే పిట్టలూ నిజంగా కష్టంలో ఉన్న పిట్టలూ వేరువేరు అని ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఒకరోజు చేపలు పట్టే తాత థర్మోకోల్ తెప్పను ఒడ్డుకు లాగుతూ మమ్మల్ని కాసేపు చూశాడు.

“ఏం రాస్తున్నరు సారూ? గవర్నమెంటోళ్లా?”

“కాదు తాతా. పిట్టల్ని లెక్కపెడుతున్నాం.”

“లెక్కవెట్టి?”

“ఊరికే.”

“ఊరికెనే గింత పొద్దుగాల లేసొచ్చిండ్రా!” అని నవ్వి, వల దులుపుకుంటూ, “అయితే నీటికాకుల్ని జర ఎక్కువేసి రాయుండ్రి. మేం ఇడిసిన చేపపిల్లల్ని సగం అవ్వే మింగుతున్నయ్” అన్నాడు.

వెళ్లేవాడు ఆగి, ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. “ముందట ఎండకాలం వచ్చేసరికి నీళ్లు గుంజుకపోయేటివి. గీ ఒడ్డుపొంటి అంత బురదనే. ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులు. ఇప్పుడు మోరీ నీళ్లు ఏడాదంత దిగుతనే ఉంటయ్. చెరువు ఎండుడే బందయింది.”

చెరువు ఎండకపోతే మంచిదే కదా అని నగరంలో పుట్టి పెరిగినవాళ్లకు అనిపిస్తుంది. పక్షుల వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. మన చెరువులు వానకు నిండి, చలికాలం పొడుగునా మెల్లగా తగ్గుతూ, ఎండాకాలానికి అడుగు తేలేవి. నీరు వారానికింత వెనక్కి జరిగేకొద్దీ కొత్త బురద బయటపడేది. ఆ బురదలోనే పురుగులు, నత్తలు. ఉల్లంకి లాంటి సన్నకాళ్ల పిట్టలన్నీ ఆ జరుగుతున్న అంచును పట్టుకుని బతుకుతాయి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోపలికి దించి లాగుతాయి. చిన్న ప్లోవర్ నాలుగు అడుగులు ఉరికి, ఆగి, వంగి, మళ్లీ ఉరుకుతుంది. అక్కడికి అరగజం లోపల మోకాళ్ల లోతు నీళ్లలో ఇంకో జాతి. ఆ లోపల బాతులు. అంచు కదలడం ఆగిపోతే ఈ ఏర్పాటంతా ఆగిపోతుంది. మురుగుతో ఏడాది పొడుగునా నిండుగా ఉన్న చెరువులో గుర్రపు డెక్క పెరుగుతుంది, కొన్ని కొంగలూ నీటికోళ్లూ దాని మీదే కాపురం పెడతాయి. ఉల్లంకి పిట్టకు మాత్రం కాలు మోపే చోటుండదు.

దీనికి తోడు సుందరీకరణ. చుట్టూ కట్ట, కట్టకు రాతి కట్టుబడి, పైన టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్, రాత్రంతా రంగుల లైట్లు, సెల్ఫీకి పెద్దపెద్ద అక్షరాలు. నేనూ ఆ ట్రాకుల మీద నడిచేవాణ్ణే, మోకాళ్లకు మంచిదే. కానీ రాయి పేర్చిన చోట నీరు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, మధ్యలో బురద అనే దశే ఉండదు. అలాంటి చెరువు చూడ్డానికి స్విమ్మింగ్ పూల్, పిట్టలకు కూడా స్విమ్మింగ్ పూలే.

ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో 2024 దాకా మా అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో సగం మందికి తెలియదు. ఆ ఏడాది చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా యంత్రాలు మల్లంపేట కత్వా చెరువు దాకా వచ్చాక, అందరూ రాత్రికి రాత్రి సర్వే నంబర్లు చదవడం నేర్చుకున్నారు. మంచి పరిణామమే. అయితే ఎఫ్‌టీఎల్ అన్నది చెరువు నిండినప్పటి గీత. దాన్ని కాపాడడం నీటికి కావాలి, వరద రాకుండా మనకూ కావాలి. పక్షికి కావలసింది చెరువు నిండనప్పుడు ఆ గీతకూ నీటికీ మధ్య మిగిలే ఖాళీ. రియల్ ఎస్టేట్ కంటికి పనికిరాని పోరంబోకుగా, సుందరీకరణ కంటికి మురికిగా కనిపించే జాగా అదే. నా మట్టుకు చెరువు అంటే ముఖ్యంగా అదే.

అరుదైన పక్షుల మాట వదిలేసి ఇదంతా ఏమిటి అనేవాళ్లకు కలివి కోడి కథ చెబుతుంటాను. 1848లో జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త ద్వారా అది లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అయితన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. వెతుకుతూ అక్కడికి చేరిన పక్షి శాస్త్రవేత్త భరత్ భూషణ్ అది కలివి కోడేనని తేల్చాడు. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగు గంగ కాలువ దారి మార్చుకోవలసి వచ్చింది. ఈ కథలో అందరూ కలివి కోడి గురించే చెబుతారు. నాకు ఆసక్తి అయితన్న కళ్ల మీద. ఆ పొదల్లో రాత్రిళ్లు తిరిగే చితువలూ ఉంటాయి, కౌజులూ ఉంటాయి. టార్చి వెలుగులో ఒక్క క్షణం కనిపించింది అవేవీ కాదు, వేరేది అని తెలియాలంటే ముందు ఆ మామూలువన్నీ కంఠతా వచ్చి ఉండాలి.

జనవరిలో రెండు పనులు ఒకేసారి వస్తాయి. ఒకటి సంక్రాంతి గాలిపటాలు. పండగైన వారానికి చెరువు పక్క తుమ్మ చెట్ల నిండా నైలాన్ మాంజా వేలాడుతుంటుంది. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది, దుకాణాల్లో మాత్రం అడిగితే దొరుకుతూనే ఉంది. మా ఏడో తరగతి అమ్మాయి కర్రకు చుట్టి చుట్టి ఒక ఉండ తయారుచేసి, దాన్ని సైన్సు ప్రాజెక్టుకు పెట్టింది.

రెండోది ఆసియా నీటిపక్షుల గణన. 1987 నుంచి ఏటా జనవరిలో పలు దేశాల్లో జరుగుతుంది, జీతం లేని జనం చేసే పని. మొన్న మా వంతు చెరువు మొత్తాన్నీ రెండు ఒడ్ల నుంచి ఎంచడానికి రెండు జట్లుగా కూర్చున్నాం. తూర్పు ఒడ్డు నుంచి బ్యాంకు ఆఫీసరు నామాల కోళ్లు నూట ఎనభై అన్నారు. పడమటి ఒడ్డు నుంచి టీచరమ్మ రెండు వందల నలభై అన్నారు. ఆయన నలభై ఏళ్లు నోట్లు లెక్కపెట్టిన మనిషి, తగ్గే ప్రసక్తే లేదు. ఆమె హాజరు పట్టీ వేసే మనిషి, ఆమె అసలు తగ్గదు. ఇంతలో గద్ద జాతి మార్ష్ హారియర్ ఒకటి రెల్లు మీద తక్కువగా ఎగురుతూ వచ్చింది. చెరువులో ఉన్న నామాల కోళ్లన్నీ ఒక్కసారిగా ఉరికి నడిమధ్యలో ముద్దగా చేరాయి. “ఇప్పుడు ఎంచండి, ఇప్పుడు!” అని అందరం అరుచుకుంటూ ఎంచాం. రెండు వందల పన్నెండు. మూడుసార్లూ అదే వచ్చింది. ఆయన ఫారం మీద ఆ అంకె వేసి, కింద అడ్డగీత గీసి, బ్యాంకులోలా పొట్టి సంతకం కూడా పెట్టబోతే టీచరమ్మ పెన్ను లాక్కున్నారు.

ఇంకో చెరువు మిగిలింది. అక్కడ దోమలు, మురుగు వాసన, ఒడ్డున నిలబడడానికి జాగా లేదు. ఉండేవి కాకులు, పావురాలు, నాలుగు నీటికోళ్లు. ఎవరు వెళ్తారు అంటే అందరూ ఫ్లాస్కుల మూతలు బిగించుకుంటూ నేల చూపులు చూశారు. నా ఇల్లు దానికి దగ్గరని ఎవరో గుర్తుచేశారు. ఆ చెరువు పేరుకు ఎదురుగా నా పేరు రాసేసుకున్నారు.